త్రుప్పుతో వ్యాజ్యము: పాత సైనికపు జీపును ఇంటివద్ద పునరుద్ధరించుటను గూర్చి

మన పల్లెలలో ఒకప్పుడు "జీపు వచ్చినది" అను మాటకు సర్కారు వచ్చినదని అర్థము. దూరమున దుమ్ము లేచి, ఆ దుమ్ములోనుండి పలకవంటి ముఖమును రెండు గుండ్రని దీపములును బయటపడినంతనే, వచ్చుచున్నవాడు తహశీల్దారో, పోలీసు ఇన్‌స్పెక్టరో, ఎన్నికల దినములైనచో మైకు కట్టుకొన్న అభ్యర్థియో యని రచ్చబండమీది పెద్దలు తర్కించుకొనెడివారు. పిల్లలు దాని వెంట పరుగెత్తెడివారు. శిస్తు బకాయియున్న ఆసామి దొడ్డిదారిన పొలమువైపు జారుకొనెడివాడు. అంతటి దర్జా వెలిగించిన బండియే నేడు పాత ఇనుపసామాను కొట్టు వెనుక తుమ్మచెట్టు నీడను, చక్రములు ఇరుసుదాక నేలలో దిగబడి, అడుగురేకు చిల్లులగుండ పల్లేరుతీగ పైకి ప్రాకి, బానెట్టు క్రింద కోడిపెట్ట పొదుగుచుండ పడియుండగా చూచి, దానిని ఇంటికి ఈడ్చుకొనివచ్చి తన చేతులతో బ్రతికింపవలెనని సంకల్పించువారు దేశదేశములందును కొందరున్నారు. అట్టివారి శ్రమలో విద్య యెంత, వెఱ్ఱి యెంత, విద్యయైనచోట దాని మర్యాద లేవి యను విచారమే ఈ వ్యాసమునకు విషయము.

ఏ నట్టును ఎట్లు విప్పవలెను, ఏ రంగును ఎట్లు పూయవలెను అనువానిని గూర్చి చెప్పువారు వేనవేలు గలరు. కాని అసలు చిక్కు పానా చేతపట్టుటకు పూర్వమే యున్నది. దేవాలయమును కట్టించినవాడు అది వేయేండ్లు నిలువవలెనని కట్టించెను. కనుక జీర్ణోద్ధరణమనగా కట్టించినవాని కోరికను కొనసాగించుటయే. యుద్ధపు జీపును చేసినవానికి అట్టి కోరిక యేదియు లేదు. యుద్ధము ముగియువరకు, ఆ మాటకు వచ్చినచో తరువాతి గుండు తగులువరకు నడచిన చాలునని చేసిన వస్తువది. దానిని చేసినవాడు చేసినట్లే మరల చేసితిమా, అది మరల త్రుప్పుపట్టును. త్రుప్పుపట్టకుండునట్లు చేసితిమా, అది వాడు చేసిన బండి కాకపోవును. పునరుద్ధరించువారి కలహములన్నియు, నాకు తోచినంతవరకు, ఈ యొక్క ముడినుండి పుట్టినవే.

ఈ మాట నిలుచుటకు దాని జాతకము కొంత చూడవలెను. 1940 వేసవిలో, ఐరోపాఖండమున ఫ్రాన్సు పడిపోయిన దినములలో, పావుటన్ను బరువు మోయుచు నాలుగు చక్రములతోను లాగగల వేగుబండి యొకటి కావలెనని అమెరికా సైన్యము 135 సంస్థలకు వర్తమానమంపెను. మొదటి నమూనాకిచ్చిన గడువు 49 దినములు. పెన్సిల్వేనియాలోని బట్లరు పట్టణమున దివాలాకు చేరువయియున్న బాంటం అను చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరును రావించి, కొలది దినములలో పటములు గీయించి, దొరకిన చోటినుండి దొరకిన భాగములను తెప్పించి, సెప్టెంబరు 23వ తేదీన మేరీలాండులోని హోలబర్డు శిబిరమునకు బండిని చేర్చెను. శ్రమ యొకరిది, ఫలము వేరొకరిది. బాంటంవారు విరివిగా చేయజాలరని తలచి సైన్యము ఆ పటములను విల్లీస్, ఫోర్డు సంస్థలకు చూపెను. టొలిడో నగరపు విల్లీస్‌వారి 60 అశ్వబలముల ఇంజను తక్కిన రెండింటిని మించియుండుటచే 1941లో వారి నమూనా ఖాయమయ్యెను. ఆ నమూనానే ఫోర్డువారును తయారుచేసిరి. యుద్ధాంతమునకు ఇరువురును కలసి దాదాపు 6 లక్షల 40 వేల బండ్లను రణరంగమునకు పంపగా, తొలుత పుట్టించిన బాంటంవారి బండ్లు మూడువేలకైనను చేరలేదు.

ఇంత త్వరలో ఇన్ని బండ్లు చేసినచోట త్రుప్పును గూర్చి తలచువా డెవడు? నేలరేకునకు బలము చేకూర్చుటకై దాని యడుగున టోపీ యాకారపు ఇనుపకాలువలను అతికి, వానిలో చెక్కపట్టీలను దూర్చిరి. బండి దిగువనుండి చిందిన బురదనీరు ఆ చెక్కలోనికి ఇంకి, ఎన్నడును పూర్తిగా ఆఱక, పైరేకును లోపలినుండి తినుచు వచ్చును. పైకి రంగు నిగనిగలాడుచుండగనే ఒకనాడు డ్రైవరు పాదము నేలలోనికి దిగిపోవును. పెట్రోలుతొట్టిని డ్రైవరు కుర్చీక్రింద ఒక గుంటలో కూర్చుండబెట్టిరి. ఆ గుంటలో నీరు నిలిచి, తొట్టి అడుగును గుంట అడుగును పోటీపడి పోవును. వెనుక చక్రములపైనున్న పనిముట్ల అరలు, రేకుమీద రేకు వేసి చుక్కవెల్డింగు చేసిన ప్రతి యతుకు, చట్రము వెనుక అడ్డుకమ్మి — ఇవియన్నియు నీటికి విడిదులే. బండిని చూడవచ్చినవాడు బానెట్టు ఎత్తి ఇంజనును చూచి మురియును. తెలిసినవాడు చాప పఱచుకొని బండి క్రిందికి దూరి సుత్తిమొనతో పొడిచి చూచును. ఇంజను ఎట్టి దుస్థితిలో నున్నను బాగగును. చట్రము పోయిన బండి కట్టెలు కాలిన కాడువంటిది.

మన దేశమునకు ఈ బండ్లు వచ్చిన త్రోవలు పెక్కు. యుద్ధకాలమున బర్మా సరిహద్దునకై వచ్చినవి మిగులు సామాగ్రిగా వేలమునకు పోయి, తేయాకు తోటలకును, జమీందారుల వేటలకును, సినిమా కంపెనీలకును చేరినవి. స్వాతంత్ర్యానంతరము లండనులో హైకమిషనరుగానుండిన వి.కె. కృష్ణమేనను హయాములో సైన్యమునకై జరిగిన జీపుల కొనుగోలు మన స్వతంత్ర ప్రభుత్వపు తొలి కుంభకోణముగా పేరుపడినది. 80 లక్షల రూపాయల ఒప్పందమునకు 155 బండ్లు మాత్రమే వచ్చి చేరుటయు, వాని నాణ్యతపై పార్లమెంటున దుమారము చెలరేగుటయు ప్రసిద్ధములు. ఆ బేరము మొదట నడచినది పాతబండ్లను బాగుచేసి యిచ్చెదమన్న మాటమీదనే యని గుర్తుంచుకొన్నచో, పునరుద్ధరించిన జీపును పైరంగు చూచి కొనరాదన్న నీతి మన గణతంత్రముకంటె పాతదని తెలియును.

పిమ్మట కథను నడిపినవారు బొంబాయిలోని మహీంద్రావారు. 1945లో మహీంద్రా సోదరులును మాలిక్ గులాం మహమ్మదును కలసి స్థాపించిన ఉక్కువ్యాపార సంస్థ, దేశవిభజనతో భాగస్వామి పాకిస్తానునకు తరలి అచటి తొలి ఆర్థికమంత్రి కాగా, 1948లో పేరు మార్చుకొనెను; విల్లీస్ జీపులను ఇచట కూర్చుటయు ఆ దినములలోనే ఆరంభించెను. వారు దశాబ్దముల తరబడి చేసిన సీజే-3బి అను రకమును మన సర్కారు కార్యాలయములన్నియు ఎఱుగును. దానిలో పైకవాటముల ఎత్తయిన ఇంజను పట్టుటకై బానెట్టును పైకి లేపిరి గనుక, దాని నుదురు యుద్ధపు జీపు నుదుటికంటె పెద్దది. ఈ ఒక్క గుర్తు తెలియక సీజే-3బిని యుద్ధపు జీపు వెలకు కొన్నవారు గలరు. ఇక 1969 మొదలు జబల్పూరు వాహన కర్మాగారమున, జపానుదేశపు నిస్సాను పెట్రోలు అను బండి నమూనాపై, సైన్యమునకై చేసిన జోంగా వేఱు జాతి. ఆరు సిలిండర్లు, నాలుగు లీటర్లకు రవంత తక్కువైన పెట్రోలు ఇంజను, ఏనుగు బలము, ఏనుగు ఆకలి. జబల్పూరు ఆర్డినెన్సు, గన్‌క్యారేజి కర్మాగారముల ఆంగ్లనామముల తొలి అక్షరములే కలసి దాని పేరైనవి. సైన్యము వేలమున వదలిన జోంగాలు నేడు మన యువకుల కంటికి యుద్ధపు జీపుకంటె ఎక్కువ ఇంపుగా నున్నవి. అవి దొరకుటయు కొంత సులభము.

దొరకినది ఏమిటో తేల్చుకొనుట తొలిపని. ఫోర్డువారికి ఒక అభిమానముండెను: తమ చేతి ప్రతి భాగముమీదను, కడకు బోల్టుల తలలమీదను, తమ పేరిటి ఆంగ్లపు 'ఎఫ్' అక్షరమును ముద్రవేయించెడివారు. చట్రము ముందరి అడ్డుకమ్మి గుండ్రని గొట్టమైనచో విల్లీస్‌వారిది, తిరుగవేసిన కాలువ యాకారమైనచో ఫోర్డువారిది. విల్లీస్‌వారు తొలుదొల్త ఇనుపపట్టీలను అతికి చేసిన ముందరి జల్లెడను మాని ఫోర్డువారు ఒకే రేకును అచ్చుగ్రుద్ది చేసిరి. అది చవుకయగుటచే విల్లీస్‌వారును దానినే అనుసరించిరి. ఇట్టి గుర్తులనన్నింటిని కంఠస్థము చేసికొని మన పాతసామాను కొట్లకు పోయినవాడు చూచునదేమనగా: చట్రము విల్లీస్‌ది, ముందరి రెక్కలు మహీంద్రావి, వెనుక ఇరుసు ఎచటిదో దైవమునకెఱుక, ఇంజను పెట్రోలుధర భరింపలేని యొకానొక యజమాని మార్పించిన డీజిలుది. మన దేశమున జీపు ఎన్నడును పూజావస్తువు కాలేదు; అన్నము పెట్టిన పశువు. పాడేరు, అరకు మన్యపు కనుమలలో మనుష్యులను కిక్కిరియ నెక్కించుకొని తిరిగిన జీపులకు ఏ భాగము దొరకిన ఆ భాగమే ప్రాణమైనది.

అప్పుడు ధర్మసందేహము కలుగును. యవనరాజైన మిళిందుడు రథమెక్కి వచ్చితినని చెప్పగా, నాగసేనుడను భిక్షువు, ఇరుసు రథమా, చక్రములు రథమా, కాడి రథమా, ఇవన్నియు విడివిడిగా కుప్పవోసిన అది రథమగునాయని ప్రశ్నించి, రథమను పేరు కూడికకు వ్యవహారముగా పెట్టిన పేరే కాని వేఱొక వస్తువు లేదని తేల్చినట్లు మిళిందప్రశ్న యను బౌద్ధగ్రంథమున గలదు. నాగసేనుడు నేడు ఫిలిప్పీన్సు దేశమునకు పోయినచో మందహాసము చేసియుండును. అమెరికా సైన్యము వదలిపోయిన జీపులను సాగదీసి రంగులద్ది జీప్నీలను పేర పట్టణమంతయు త్రిప్పిన ఆ ప్రజలలో కొందరు, యుద్ధపు జీపునకు అచ్చుముచ్చుగా సరిపోవు క్రొత్త శరీరములను చేసి ప్రపంచమంతటికి అమ్ముచున్నారు. క్రొత్త శరీరము, క్రొత్త చట్రము, క్రొత్త తీగలు, క్రొత్త కుర్చీలు కొనవచ్చును. పాతదిగా మిగులునది గ్లవ్‌బాక్సుమీది పేరుఫలకము, బండి నంబరు. కడకు ఆ ఫలకమును క్రొత్తది దొరకును.

పునరుద్ధరణవాదులలో ఒక పక్షము దీనిని తప్పుపట్టదు. బండి కర్మాగారపు ద్వారము దాటిన నాటి రూపమే పరమార్థమని వారి సిద్ధాంతము. 1944లో అమెరికా సైన్యము ప్రకటించిన టీఎమ్ 9-803 అను నిర్వహణగ్రంథమును, ఇంజనును చోదకభాగములను గూర్చిన దాని తోడుగ్రంథములను వారు వేదముగా పఠింతురు. బోల్టుతలమీది ముద్ర తప్పినను వారికి నిద్రపట్టదు. వారి పాండిత్యమునకు నేను నమస్కరింతును. వారే లేకున్న ఈ గుర్తులన్నియు మనకు తెలిసెడివే కావు. కాని వారి బండ్లను చూచునపుడు నాకు కొంత వెలితి తోచును: ఏ జీపును యుద్ధమున అంత శుభ్రముగా నుండియుండదు. రెండవ పక్షము సంరక్షకులది. త్రుప్పును ఆపుము, మఱి దేనిని ముట్టకుము. దెబ్బతగిలిన సొట్ట, చేతికుంచెతో దిద్దిన నంబరు, మూడు ప్రభుత్వముల మూడు రంగుపొరలు, ఇవే చరిత్రయని వారందురు. మూడవ పక్షము వాడుకవారిది. డిస్కుబ్రేకులు, డీజిలు ఇంజను, మెత్తని కుర్చీలు, వెడల్పు టైర్లు పెట్టి కొండలెక్కుటయే వారికి జీపు జీవితము. నా మొగ్గు రెండవ పక్షమువైపు. అయినను బ్రేకుల విషయమున నేను మూడవవారిని నిందింపజాలను, ఏలయన చరిత్రకొఱకు మనుష్యుని ప్రాణము బలియిచ్చుట తగదు.

ఇక త్రుప్పు స్వరూపము. ఇనుమునకు ప్రాణవాయువును నీటిని తోడిచ్చిన కాలక్రమమున అది తాను పుట్టిన గనిమట్టికే మరలిపోవ యత్నించును. మనము కొలిమిలో బలవంతముగా విడదీసిన సంబంధమును అది మరల కలుపుకొనుచున్నదన్నమాట. త్రుప్పు ఇనుముకంటె అనేకరెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, రెండు రేకుల నడుమ పుట్టినచో గోడలో మొలచిన రావిమొక్కవలె వానిని చీల్చివేయును. ఉప్పు దానికి కట్నమిచ్చి పిలిచిన అల్లుడు. కాకినాడ, విశాఖ, బందరు తీరపు గాలి తగిలిన బండికిని, అనంతపురపు ఎండలో నిలిచిన బండికిని గల భేదము ఏండ్లలో కాదు, రేకు మందములో తెలియును. కొనువాడు బండి వయస్సు కాక బండి కాపురమున్న యూరిని అడుగవలెను. ఢిల్లీలోని ఇనుపస్తంభమును చూపి మన పూర్వుల ఇనుము త్రుప్పు పట్టదని గర్వించువారు రెండు సంగతులు తలపవలెను: ఆ ఇనుములో భాస్వరము హెచ్చు, దానిచేత పైన ఒక రక్షకపుపొర ఏర్పడినది, ఢిల్లీ గాలి పొడిది. దానినే తెచ్చి భీమిలి రేవున నిలిపియున్నచో నేమగునో చెప్పలేము.

త్రుప్పును వదలించు విధానములందు మనుష్యుని స్వభావము బయటపడును. తొందరగలవాడు ఇసుకపోటును ఆశ్రయించును. గాలిబలముతో ఇసుకను విసరి కొట్టినచో చట్రము, ఇరుసులు వంటి దళసరి భాగములు క్షణములో వెండివలె తేలును నిజమే. కాని మిల్లీమీటరుకు రవంత మించిన జీపు శరీరపు రేకుమీద దానిని నిలిపి కొట్టినచో రేకు అలలుతేలి, మరల ఏ సుత్తికిని చదును కాదు. అంతకుమించి, ఆ ఇసుకధూళి ఊపిరితిత్తులలో చేరి మానని జబ్బును కలిగించును. పలుగురాతి మిల్లులలోను బలపముల కార్ఖానాలలోను పనిచేసిన కూలీల బాధ ఎఱిగిన మనకు దీనిని విడమర్చి చెప్పనక్కఱలేదు. ముఖమునకు తువాలు చుట్టుకొనుట దానికి రక్షణ కాదు.

గచ్చు కడుగు ఆమ్లముతో కడుగువారు మఱికొందరు. ఆ ఆమ్లము త్రుప్పును తినును, ఆపై ఇనుమును తినును. దాని యావిరి కొట్టములోనున్న తక్కిన పనిముట్లన్నింటిమీద మఱునాటికి ఎఱ్ఱపూత పూయించును. అతుకులలో మిగిలిన చుక్క రంగుక్రింద దాగి ఏడాదికి బయటపడును. ఫాస్ఫారికామ్లము దానికంటె సాధువు. త్రుప్పును నల్లని గట్టిపొరగా మార్చి రంగునకు పట్టు నిచ్చును. కాని కమానుపట్టీలను, గట్టి బోల్టులను ఏ యామ్లములోను నానవేయరాదు. ఉదజని ఉక్కులోనికి చొచ్చి దానిని పెళుసుచేయగా, బాగుపడినదనుకొన్న పట్టీ నడిబాటలో పుటుక్కున విరుగును.

ఇంటివానికి తగినవి నెమ్మదియైన మార్గములు రెండు గలవు. ప్లాస్టికు తొట్టిలో నీరుపోసి గుప్పెడు చాకలిసోడా కలిపి, త్రుప్పుభాగమును బ్యాటరీ చార్జరు ఋణధ్రువమునకును, పనికిరాని ఇనుపముక్కను ధనధ్రువమునకును కట్టి రాత్రి విడిచినచో, తెల్లవారునప్పటికి త్రుప్పు మెత్తని నల్లమన్నువలె బ్రష్షుకు ఊడివచ్చును. ఉదజని వెలువడును గనుక ఇది ఆరుబయట జరుగవలెను. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెను గాని పళ్లెమును గాని కట్టరాదు, దానిలోని క్రోమియము విషముగా మారి నీటిలో దిగును. సోడాకు బదులు ఉప్పు వేసినచో క్లోరిను పుట్టును. రెండవది మనకు మఱింత ఆప్తము. చెరకుమడ్డి ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు కలిపిన పీపాలో భాగములను ముంచి మూడువారములు మఱచిపోయినచో, మడ్డిలోని ద్రవ్యములు త్రుప్పును పట్టి విడదీయును. మంచి యినుమును అంతగా ముట్టవు. చింతపండుతో ఇత్తడిబిందెను తోమిన యే యిల్లాలికిని దీనిలో వింత తోపదు. అనకాపల్లి బెల్లపుసీమలో నున్నవానికి ఇంతకంటె చవుకమార్గము లేదు. అయితే ఆ పులిసిన వాసనకు ఇరుగుపొరుగువారి మైత్రి నిలుచుట కష్టము, చీమల సంగతి చెప్పనే వలదు. అల్యూమినియపు భాగములను మాత్రము దానిలో వేయరాదు. గోకి తీయు పాతరంగులో సీసముండవచ్చును గనుక, తడిపి గోకుటయు, ఆ ధూళిని పిల్లలాడు చోటికి చేరనీయకుండుటయు విధి.

విప్పుటయందు ఓర్పు తక్కువైనవాడు ఈ పనికి దిగరాదు. కఱచుకొనిపోయిన బోల్టునకు నూనె, వేడి, కాలము అను మూడే మందులు. బలము మందు కాదు. ఒక సంగతి తెలియక ఎందఱో చెడిరి: యుద్ధపు జీపు ఎడమప్రక్క చక్రముల నట్లకు ఎడమచుట్టు మరలుండును. అవి త్రుప్పువలన రాలేదని భ్రమించి పానాకు గొట్టము తగిలించి లోకమంతటివలె త్రిప్పినచో, అవి మఱింత బిగిసి కాడయే తెగును. కొన్నింటికి రెండు అర్ధములను బోల్టులతో బిగించిన యుద్ధచక్రములు గలవు. టైరులో గాలి పూర్తిగా తీయక ఆ బోల్టులను వదులుచేసినచో చక్రము ఫిరంగియగును. పెట్రోలుతొట్టి యెన్ని యేండ్లు ఎండినను దానిని నేరుగా వెల్డింగునకు ఇయ్యరాదు. దానిలోని యావిరి ఎండదు. ఈ మూడు సంగతులను మాత్రము గోడమీద బొగ్గుతో వ్రాసికొనవలెను. తక్కిన తప్పులన్నియు డబ్బుతో పోవునవి.

ఇంజను మాట కొంత క్లుప్తముగా చెప్పవచ్చును, ఏలయన అది మొండిది. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, కవాటములు ప్రక్కన. పల్లెటూరి మెకానిక్కునకు అర్థము కానిది అందులో ఒక్కటియు లేదు. బిగిసియున్నచో ప్లగ్గులు తీసి, రంధ్రములలో నూనె పోసి, వారములు ఆగి, కొంచెము ముందుకు కొంచెము వెనుకకు కదలింపవలెను. స్టార్టరుతో గాని, మరియొక బండితో లాగించి గాని త్రిప్పబూనినవాడు పిస్టనుకడ్డీని వంచుకొనును. క్రొత్తచిక్కు నేటి పెట్రోలుది. దానిలో కలుపు ఇథనాలు నీటిని పీల్చును, పాత రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపు పొరను మెత్తబఱచును. బండిని నెలల తరబడి నిలుపువాడు తొట్టిని ఖాళీచేసి ఉంచుట మేలు. బ్రేకులు ఒకే గొట్టపువ్యవస్థమీద నాలుగు చక్రములకు పోవును. ఒక్కచోట కారినను నాలుగును పోవును. బ్రేకునూనె సైతము నీటిని పీల్చునదే, ఆ నీరే చక్రపుసిలిండరులలో గుంటలు పొడుచును. పాతసిలిండరును గరుకుకాగితముతో రుద్ది మరల బిగించుట పొదుపు కాదు.

రేకుపనియే కడపటి పరీక్ష. పోయినచోటును కోసి, అంతే మందమైన క్రొత్తరేకును చుక్కచుక్కగా అతికి, నడుమ చల్లాఱనిచ్చి, సాగిన రేకును సుత్తితో దిమ్మెతో దిద్దవలెను. దీనికి బదులు మన పేటలలో సులభోపాయమొకటి గలదు: చిల్లుమీద జాలి వేసి, లప్పం మెత్తి, గరుకుకాగితముతో రుద్ది, రంగు కొట్టుట. నేనొకసారి ఈ యుపాయమును ప్రస్తావింపగా, నలుబదియేండ్లుగా డెంటింగుపనిలో నున్న ఒక ముసలి మేస్త్రీ బీడీ ఆర్పి ఇట్లనెను: "లప్పం పెడితే తుప్పుకు దుప్పటి కప్పినట్టే బాబుగారూ. లోపల అది నిద్రపోదు, తింటానే ఉంటుంది." ఆయన చదువుకొన్నవాడు కాడు, ఈ విషయమునగూర్చి నేను చదివినవానిలో ఇంతకంటె సరియైన వాక్యము లేదు. టోపీకాలువలలోని చెక్క విషయమున ఆయన యిచ్చిన తీర్పును జ్ఞాపకముంచుకొనదగినదే: చెక్క మరల పెట్టుడు, కాని మైనములో ఉడికించి పెట్టుడు, కాలువకు నీరు పోవు రంధ్రము వేయుడు. చేసినవాని రూపము నిలిచెను, చేసినవాని తప్పు పోయెను. నేను మొదట చెప్పిన ముడికి ఇంతవఱకు నాకు దొరకిన సడలింపు ఇదియొక్కటే.

రంగునొద్దకు వచ్చునప్పటికి మన దేశమున విచిత్రమైన అడ్డంకి యొకటి యెదురగును. సైనికపు జీపు సైనికపు జీపుగా కనబడుటకు కారణమైన ఆ మబ్బుపచ్చ రంగును పౌరుడు వేసికొనరాదు: కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 121వ నియమము రక్షణశాఖకు చెందని బండికి ఆలివ్‌గ్రీన్ నిషేధించుచున్నది. భద్రతదృష్ట్యా దీనిలో న్యాయమున్నది. కాని సత్యమైన రంగు వేసినచో నేరము, నేరము కాని రంగు వేసినచో అసత్యము. మఱియొక ప్రక్క 1988 నాటి చట్టపు 52వ సెక్షను తయారీదారుడు నిర్ణయించిన రూపమును మార్చరాదనును. ఎవరో ఎప్పుడో మార్చిన డీజిలు ఇంజను పత్రములలో నమోదు కాకున్న, ఆ పాపము నేటి యజమాని నెత్తిన పడును. 2021 జూలైలో వచ్చిన సవరణ ఏబదియేండ్లు దాటిన బండ్లకు 'వీఏ' అక్షరములతో ప్రత్యేకపు నంబరు నిచ్చుచున్నది. తొలి నమోదుకు 20 వేల రూపాయలు, పదియేండ్ల గడువు, పిమ్మట పొడిగింపునకు 5 వేలు. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుటకు త్రిప్పవచ్చును గాని నిత్యము బజారునకు పోరాదు. ఈ గౌరవమునకు విధించిన నిబంధన మాత్రము నాకు మిక్కిలి నచ్చినది: చట్రమునకు, శరీరమునకు, ఇంజనుకు గణనీయమైన మార్పు జరిగియుండరాదు. ఫిలిప్పీన్సు శరీరము తెచ్చి తొడిగినవాడు నాగసేనుని ఒప్పింపగలడేమో కాని రవాణాశాఖను ఒప్పించుట కష్టము.

వ్యయమును గూర్చి అంకెలు వేయుట వ్యర్థము. మొదట వేసికొన్న లెక్కకు రెండింతలగునని ఎవరిని అడిగినను చెప్పుదురు, చెప్పినవారును ఆగలేదు. కాలమును గూర్చి మాత్రము ఒక హెచ్చరిక. విప్పిన బండ్లలో పెక్కు మరల కూర్పబడవు. ఉత్సాహమున రెండు దినములలో విప్పిన భాగములు, ఏ బోల్టు ఎచటిదో వ్రాయకుండుటచే, పాలడబ్బాలలోను ఊరగాయజాడీలలోను చేరి, పిల్లల పెండ్లిండ్లవఱకు పెరటిలో నుండి, తుదకు తూకమునకు పోవును. అందుచే ఒక్కసారి ఒక్క అంగమునే విప్పి, బాగుచేసి, బిగించి, రెండవదానికి పోవుట నెమ్మదిగా తోచినను త్వరగా ముగియు మార్గము. బండి ఎల్లప్పుడు బండిగానే కనబడుచుండుటచే ఇంటివారి సహనమును నిలుచును.

నేనెఱిగిన యొక మిత్రుడు తన జీపునకు మూడేండ్లు పనిచేసి, చట్టమునకు లోబడి దానికి ఇటుకపొడివంటి మన్నురంగు వేయించెను. పాతరంగును గోకుచు గ్లవ్‌బాక్సు మూత వెనుకకు వచ్చినప్పుడు, ఎఱ్ఱని అరణ్యశాఖ రంగుక్రింద తెలుపు, తెలుపుక్రింద మబ్బుపచ్చ, దానిమీద కుంచెతో దిద్దిన రెండంకెలు కనబడినవట. తక్కిన అంకెలు పోయినవి. ఆయన గరుకుకాగితమును ప్రక్కన పెట్టి, ఆ అరచేయి మేర చోటికి తేనెమైనము పూసి, మూత వేసెను. బండి చూడవచ్చినవారికి ఆయన ఇంజను చూపడు. ఆ మూత తెఱచి చూపును.